క్రైస్తవ పునీతులును మార్జాలములును

పిల్లి మన యిండ్లలో నెంత పరిచితమైన జంతువో మన కథలలోను నంత పరిచితమైనది. పంచతంత్రమున దధికర్ణుఁడను పిల్లి ధర్మము చెప్పెదనని నమ్మించి, తగవు తీర్పించుకొన వచ్చిన కుందేటిని గపింజలమును జేరఁబిలిచి భక్షించెను. భారతమున నుద్యోగపర్వమునందుఁ గపటతపస్వియగు మార్జాలముకథ కలదు. మామల్లపురమున 7వ శతాబ్దమునఁ బల్లవ శిల్పులు చెక్కిన పెద్దబండమీఁద నొక పిల్లి ముందరికాళ్లు పైకెత్తి తపస్సు చేయుచుండఁగా నెలుకలు దానిచెంతఁ జేరియుండుట నేఁటికిని జూడవచ్చును. కావున సాధువు, పిల్లి యను రెండుమాటలు కలసివచ్చినపుడు మన చదువరులకు మొట్టమొదట స్ఫురించునది దొంగజపమే.

పాశ్చాత్యదేశముల క్రైస్తవ సంప్రదాయమున దీనికి భిన్నమైన ధోరణి యొకటి కలదు. అచ్చటఁ గపటులు గాని సాధువుల సరసనే పిల్లి కూర్చున్నది. కొందఱు పునీతుల చిత్రపటములలో నది పాదములయొద్దను, కొందఱి పటములలో నొడిలోను గానవచ్చును. పిల్లులను గాచు పునీతురా లీమెయే యని యొకామెకుఁ బ్రత్యేకించి బిరుదుకూడ నిచ్చిరి. ఈ సంబంధములలో నేవి ప్రాచీనములు, ఏవి యర్వాచీనములు, అవి యేయే మార్గముల నేర్పడెను అను విషయమును విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. జంతువు చిన్నదే యైనను విచారణ చిన్నదికాదు. ఒక మహనీయుని చరిత్ర కాలక్రమమున నెట్లు మాఱునో, మాఱునపుడు దేనిని బోఁగొట్టుకొనునో, తెలిసికొనుట కిది మంచి నిదర్శనము.

మొదట నొక్కమాట. క్రైస్తవుల వేదగ్రంథములలోఁ బిల్లికిఁ జోటు మిక్కిలి తక్కువ. హీబ్రూభాషలోని పూర్వనిబంధన గ్రంథములలోఁ బెంపుడుపిల్లి ప్రసక్తియే లేదు. కథోలికులు బారూకుగ్రంథమున 6వ యధ్యాయముగాఁ జేర్చుకొన్న యిర్మీయా లేఖలో మాత్రము, విగ్రహములమీఁద గబ్బిలములును వానకోవెలలును వ్రాలుటను జెప్పుచు, పిల్లులనుగూడ నొక్కమాటలోఁ బేర్కొనిరి. మధ్యయుగమునఁ బిల్లికి వచ్చిన పేరును మంచిదికాదు. 1233లోఁ బోపు 9వ గ్రెగరి జర్మనీదేశపు పాషండులనుగూర్చి వ్రాసిన లేఖలో వారి రహస్యసభలలో నల్లనిపిల్లి ప్రత్యక్షమగునని వర్ణించెను. ఇట్లు గ్రంథమున మౌనమును, లోకమున నపకీర్తియు నున్న జంతువు పునీతులచెంతకు వచ్చుట వింతయే. ఆ రాక యొక్కమార్గమున జరిగినది కాదు.

నివెల్లు గెర్ట్రూడు

నేఁడు పిల్లులను బెంచువారిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన పునీతురాలు నివెల్లు గెర్ట్రూడు. నివెల్లు నేఁటి బెల్జియము దేశములోని యొక పట్టణము. ఈమె సుమారు 626లో జన్మించెను. తండ్రియగు పెపిను ఫ్రాంకుల రాజ్యమునఁ బ్రాసాదాధ్యక్ష పదవియందుండిన ప్రభువు. తల్లి పేరు ఇట్ట. అక్కయగు బెగ్గ సంతతియందే తరువాత షార్లమేను చక్రవర్తి పుట్టెను. దగోబెర్టు రాజు విందునకు వచ్చినపుడు, ఒక ప్రభుకుమారుని బెండ్లాడెదవా యని యడుగఁగా, బాలికయగు గెర్ట్రూడు క్రీస్తునే తప్ప వేఱొక వరుని గోరనని తీవ్రముగాఁ బలికెనని యామె చరిత్ర చెప్పుచున్నది. 640లోఁ బెపిను మరణించిన పిదప నిట్ట నివెల్లున మఠమును గట్టించి, కుమార్తెను బలాత్కారముగా వివాహమునకుఁ గొనిపోవుద రేమో యను భయమున నామె తలవెండ్రుకలను దన చేతులతోనే కత్తిరించి సన్యాసినిగాఁ జేసెను. తల్లియనంతరము గెర్ట్రూడు మఠాధ్యక్షురాలై, గ్రంథములను దెప్పించి, ఐర్లాండునుండి వచ్చిన ఫోయిలాను, ఉల్తాను అను సోదరుల నాదరించెను. 659వ సంవత్సరము మార్చి 17వ తేదీన ముప్పదిమూఁడేండ్ల వయస్సుననే దేహము చాలించెను.

ఆమె మరణించిన కొలఁదికాలమునకే, సుమారు 670 ప్రాంతమున, ఆమె చరిత్రను లాటినుభాషలో నొక మఠవాసి వ్రాసెను. ఆమె ప్రార్థించుచుండఁగా నగ్నిగోళమువంటి తేజస్సు కానవచ్చెననియు, సముద్రమున నాపదలోఁ జిక్కినవా రామెపేరు దలఁచి బ్రదికిరనియు నందుఁ గలదు. పిల్లిమాట లేదు, ఎలుకమాటయు లేదు. ఇది మనము గుర్తుంచుకొనవలసిన మొదటి విషయము.

ఎలుకలు మధ్యయుగాంతమునఁ బ్రవేశించినవి. 15వ శతాబ్దము నాఁటి చిత్రములలో గెర్ట్రూడు మఠాధికార సూచకమగు దండమును బట్టుకొని నిలువఁగా, దానివెంట నెలుకలు పైకెగఁబ్రాకుచుండును. కొన్నిచోట్ల దండమునకు బదులు నూలువడకు కదురుకోల యుండును. ఈ యెలుక లెక్కడివి? దీనికి రెండు సమాధానములు కలవు, రెండును నిజములే.

మొదటిది రైతు చెప్పు సమాధానము. మార్చి 17వ తేది యామె పండుగ. ఆ దేశములలో నది చలికాలము ముగిసి తోఁటపని యారంభించు దినము. స్త్రీలు వడకుట మాని నేలపనికిఁ బోవలెననియు, ఆనాఁటి తరువాతను వడకుచుఁ గూర్చున్నచో నెలుక యెగఁబ్రాకి దారమును గొఱుకుననియు జనులు చెప్పుకొనెడివారు. విత్తనములు చల్లునపుడు పొలములకుఁ జేటు దెచ్చునవి యెలుకలు. కావున వానిని వారింపుమని గెర్ట్రూడును వేఁడిరి. నివెల్లు దేవాలయపు భూగృహమునఁ గల బావినీటిని గొనిపోయి చల్లినచో నెలుకలు పాఱిపోవునని నమ్మిరి. కొలోను నగరమున నామె సన్నిధియందు బంగారపు టెలుకలను వెండి యెలుకలను మ్రొక్కుబడిగా నర్పించుట 1822 వఱకును గలదు. కన్నునొప్పి తగ్గినపుడు వెండికన్నులు సమర్పించు మన క్షేత్రాచారము నెఱిఁగినవారి కిది క్రొత్తగాఁ దోఁపదు. అయితే మనము కాపాడుకొన వలసిన యవయవమును సమర్పింతుము. వారు తొలఁగవలసిన పీడనే సమర్పించిరి.

రెండవది మరణమునకు సంబంధించిన సమాధానము. జర్మనుజాతుల జానపద విశ్వాసమున నాత్మ యెలుకరూపమున నుండును. నిద్రించువాని నోటినుండి చిట్టెలుకవలె నది వెడలిపోయి మరల వచ్చునని కథలు చెప్పుదురు; గ్రిమ్ము సోదరులు 19వ శతాబ్దమున నట్టికథను సేకరించిరి. దీనితోఁబాటు, దేహమును వీడిన జీవుఁడు మొదటిరాత్రి గెర్ట్రూడునొద్దను, రెండవరాత్రి మిఖాయేలు దేవదూతయొద్దను బసచేసి మూఁడవనాఁడు తన గమ్యమును జేరునని మధ్యయుగమున నమ్మిక యుండెను. బ్రదికినప్పుడు బాటసారుల నాదరించిన యామె మరణానంతరము జీవులను బాటసారులుగా నాదరించునని దీని భావము. కాఁబట్టి యామె దండమువెంటఁ బ్రాకు నెలుకలు వట్టి యెలుకలుకావు. అవి యుత్తరించు స్థలమునుండి మోక్షమునకు నామె యూఁతతోఁ బైకి బోవు జీవులు.

ఇఁక పిల్లి యెప్పుడు వచ్చెను? ఆంగ్లభాషలోని ప్రసిద్ధ గ్రంథములలో గెర్ట్రూడును బిల్లుల పునీతురాలిగా మొదటఁ బేర్కొన్నది 1981లో న్యూయార్కు మెట్రోపాలిటను కళాసంగ్రహాలయము ప్రకటించిన “మెట్రోపాలిటన్ క్యాట్స్” అను చిత్రగ్రంథము. అనఁగా నామె మరణించిన పదుమూఁడు శతాబ్దముల తరువాత నన్నమాట. ఆ పిమ్మట నీభావము వేగముగా వ్యాపించెను. క్రొత్తగా వ్రాయు పటములలో నెలుకలుపోయి యామె చేతులలోఁ బిల్లి కూర్చున్నది. మార్చి 17వ తేదీని బిల్లులపండుగగాఁ జేసికొనువారును బయలుదేఱిరి.

ఇందలి తర్కము సులభమే. ఎలుకలను బాఱద్రోలునది పిల్లి. గెర్ట్రూడు నెలుకలను బాఱద్రోలును. కాఁబట్టి గెర్ట్రూడునకుఁ బిల్లి ప్రియము. రైతు చెప్పిన సమాధానము నొక్కదానినే యెత్తుకొన్నచో నీతర్కము నిలుచును. రెండవ సమాధానమును జ్ఞప్తికిఁ దెచ్చుకొన్నతోడనే కూలిపోవును. ఎలుక జీవుఁడైనచో, జీవులకు రాత్రిబస నొసఁగు తల్లి చేతిలో వారిని దినుజంతువును బెట్టితిమి! ఒక చిత్రమున వస్తువు మాఱినప్పు డర్థమును మాఱును; ఇచ్చట నర్థము తలక్రిందు లయ్యెను. మరణభయమునఁ దల్లడిల్లిన యెందఱో జనులు తమ చనిపోయినవారి మొదటిరాత్రి నామెకు నప్పగించి ధైర్యము తెచ్చుకొనిరి. ఆ నమ్మకముయొక్క గుర్తు ఆ యెలుకలు. వానిని దుడిచివేయుట యనఁగా నా జనుల దుఃఖమునకును నూఱటకును మిగిలిన సాక్ష్యమును దుడిచివేయుటయే. 1272 మొదలు 1298 వఱకు శ్రమించి చేసిన యామె యస్థికల స్వర్ణమందసము 1940 మే నెలలో జర్మనుల బాంబులవలన నాశనమయ్యెను. బాంబులు మందసమును గూల్చినవి. మఱపు కథను గూల్చుచున్నది. రెండవనష్టము శబ్దములేక జరుగును.

అంతమాత్రమున నేఁటివారిని నిందింపనక్కఱలేదు. 15వ శతాబ్దపు చిత్రకారుఁడు 7వ శతాబ్దపు చరిత్రకు నెలుకలను జేర్చినట్లే నేఁటివారు పిల్లిని జేర్చిరి. పరిశోధకుఁడు చేయవలసినది యే పొర యెప్పటిదో చెప్పుటయే.

గ్రెగరి పోపును, మునియొడిలోని పిల్లియు

గెర్ట్రూడు విషయమునఁ బిల్లి చిట్టచివర వచ్చెను. మొదటి గ్రెగరి పోపు విషయమునఁ బిల్లి ప్రాచీన గ్రంథముననే యున్నది. కాని యది యాయన పిల్లి కాదు. ఈయన 590 మొదలు 604 వఱకు రోమున గురుపీఠము నధిష్ఠించెను. ఈయన చరిత్రను 9వ శతాబ్దమున యోహాను డీకను వ్రాసెను. అందలి కథ యిది.

ఒక ముని సర్వమును ద్యజించి యేకాంతమునఁ దపస్సు చేసికొనుచుండెను. ఆయనకు మిగిలిన దొక పిల్లి మాత్రమే. దానిని దఱచుగా నొడిలోఁ గూర్చుండఁబెట్టుకొని దువ్వుచుండెను. ఒకనాఁడు, తన త్యాగమునకు ఫలముగాఁ బరలోకమున నెవరితో సమానమైన స్థానము లభించునో తెలుపుమని దేవుని వేఁడుకొనెను. రోముపోపగు గ్రెగరితో సమానమైన స్థానము లభించునని సమాధానము వచ్చెను. ముని సంతోషింపలేదు; దుఃఖించెను. అంత యైశ్వర్యములో మునిఁగియున్నవానితో సమానమైన ఫలమే యైనచోఁ దన దారిద్ర్యమువలనఁ బ్రయోజన మేమి యని దినదినమును నిట్టూర్చెను. అప్పుడు మరల వాణి వినవచ్చెను: ధనము గలిగినవాఁడు ధనికుఁడుకాఁడు, దానిని గోరువాఁడే ధనికుఁడు, ప్రతిదినము నీ పిల్లిని దువ్వుచు నీవు పొందు మమకారము గ్రెగరికిఁ దన సర్వసంపదయందును లేదు, అతఁడు దానిని బ్రేమింపక తృణీకరించి యందఱకుఁ బంచిపెట్టుచున్నాఁడు, అని యా వాణి సారాంశము. ముని సిగ్గుపడి, గ్రెగరితో సమానుఁడ నగుటకుఁ దగుదునుగాక యని ప్రార్థించెనఁట.

13వ శతాబ్దమున యాకోబు వరజ్జినె రచించిన “సువర్ణగాథ” యను పునీతచరిత్ర సంగ్రహమున నీకథ చేరి ఐరోపాయంతట వ్యాపించెను. కాలక్రమమునఁ గథలోని ముని జాఱిపోఁగా, పిల్లిని గ్రెగరియే పెంచెనని కొందఱు చెప్పసాగిరి. కథయొక్క యుద్దేశము దీనికిఁ బూర్తిగా విరుద్ధము. పిల్లి లేకుండుటయే గ్రెగరి గొప్పతనమునకు నిదర్శనముగాఁ జెప్పిన కథ, ఆయనకుఁ బిల్లిని గట్టిపెట్టుటకు సాధనమయ్యెను.

మన చదువరు లీకథను వినఁగానే భరతుని స్మరింపక మానరు. ఆంధ్రమహాభాగవత పంచమస్కంధమున గంగన తెనిఁగించిన భరతోపాఖ్యానమున, మహారాజ్యమును దృణముగా విడిచినవాఁ డొక లేడిపిల్లను విడువలేక మఱుజన్మమున హరిణమై పుట్టెను. రెండుకథల హృదయ మొక్కటే: బంధము వస్తువు పరిమాణమునుబట్టి యుండదు. కాని యొక భేదము గమనింపఁదగినది. భరతునకు జన్మాంతరము కలిగెను. మునికిఁ బిల్లిని విడువుమన్న యాజ్ఞయైన రాలేదు. దిద్దుబాటు వచ్చినది పిల్లియెడ నతనికిఁ గల ప్రేమకుఁ గాదు. తన లేమిని తూనికకుఁ బెట్టి యితరుని కలిమితో సరిపోల్చిన యహంకారమునకు. పిల్లి యొడిలోనే యుండెనని మనము తలఁపవచ్చును.

ఏకాంతవాసినుల పిల్లి

మధ్యయుగపు టింగ్లండున దేవాలయపు గోడకుఁ జేర్చి కట్టిన చిన్నగదిలో జీవితాంతము బంధించుకొని ప్రార్థనలతోఁ గాలము గడపు స్త్రీలుండిరి. అట్టి ముగ్గురు సోదరీమణులకొఱకు 13వ శతాబ్దపు పూర్వభాగమున నాంగ్లమున నొక నియమగ్రంథము రచింపఁబడెను. దానిపేరు “ఆంక్రిన్ విస్”. ఒక్క పిల్లిని దప్ప వేఱుజంతువును బెంచరాదని యందు శాసింపఁబడెను.

దీనికిఁ జెప్పిన హేతువు రుచ్యముగా నున్నది. ఆవును బెంచినచో దానికి మేత చూడవలెను. కాపరికిఁ గూలి యీయవలెను. అది పరుల చేనఁ బడినచో బందెలదొడ్డి యధికారిని బతిమాలవలెను. అతఁడు దానిని గట్టివేసినచోఁ దిట్టవలెను. చివరకు నష్టమును జెల్లింపవలెను. ఇట్లు తపస్విని గృహిణియై పోవునని గ్రంథకర్త హెచ్చరించెను. మన గోఁచిపాత సన్యాసికథ యిదియే కదా! గోఁచి నెలుకలు కొఱికెనని పిల్లిని, పిల్లికిఁ బాలకొఱ కావును, ఆవునకై గడ్డిని, గడ్డికై నేలను, వీని నెల్ల జూచుటకు భార్యను సంపాదించి సన్యాసి సంసారి యయ్యెను. మనకథలోఁ బతనము పిల్లితో మొదలగును. ఆంగ్లనియమమునఁ బిల్లివఱకు వచ్చి యాఁగుమని గీఁత గీయఁబడెను. తన యాహారమును దానే వేఁటాడుకొని, గదిలోని ధాన్యమును గాచు జంతువగుటచేత దాని కొక్కదానికే యనుమతి లభించెను.

ఈ నియమముయొక్క నీడ నారిచ్ నగరపు జూలియనమీఁదఁ బడినది. ఈమె 1342లో జన్మించి 1416 తరువాతను జీవించియుండెను. నివసించిన దేవాలయముపేరే యీమెకు వచ్చెనని చెప్పుదురు. 1373 మే నెలలోఁ బ్రాణాపాయమైన జబ్బులో నున్నప్పుడు కలిగిన దర్శనములనుగూర్చి యీమె వ్రాసిన గ్రంథము ఆంగ్లభాషలో స్త్రీ రచించినదని తెలియవచ్చిన గ్రంథములలో మొట్టమొదటిది. ఆధునిక చిత్రకారు లీమెను జూపునప్పు డొక పిల్లిని జేర్చుట పరిపాటి యయ్యెను. ఆమె గ్రంథమున నెచ్చటను బిల్లిప్రసక్తి లేదు. ఏకాంతవాసినులకుఁ బిల్లి యనుమతింపఁబడెను, ఈమె యేకాంతవాసిని, కావున నీమెకుఁ బిల్లి యుండవచ్చునను నూహయే యిందలి మూలము. గెర్ట్రూడు విషయములోని యూహకంటె నిది చరిత్రకు సన్నిహితమైనది. కాని యూహ సాక్ష్యము కాదు.

ఫిలిప్పు నేరి

సాక్ష్యముగల పిల్లి యొకటి రోమున నుండెను. ఫిలిప్పు నేరి (1515–1595) రోమునగర మంతయు ప్రేమించిన గురువు. హాస్యప్రియుఁడు. శిష్యుల గర్వము నడఁచుటకు నవ్వు పుట్టించు పనులు చెప్పుట యాయన పద్ధతి. 1583లో నాయన చిరకాలము నివసించిన సాన్ జిరోలమో గృహమును వీడి వల్లిచెల్ల యందలి క్రొత్తమందిరమునకు మాఱెను. పిల్లిమాత్రము పాతగదిలోనే యుండిపోయెను. అప్పటినుండి గురువు తన శిష్యులలో నొకనిని బాతగదికిఁ బంపి పిల్లికి నాహార మిప్పించెడివాఁడు. తిరిగి వచ్చినవానిని, అది తిన్నదా, కుశలముగా నున్నదా యని పదుగురియెదుట విచారించెడివాఁడు. పండితులు, ప్రభువంశీయులు నగు శిష్యులు పిల్లితిండి పట్టుకొని నగరవీథిలో నడచుట వినయమునకుఁ బాఠ మయ్యెను. 1622లో నీయన పునీతుఁడుగాఁ బ్రకటింపఁబడెను. గ్రెగరికథలోఁ బిల్లి మునియొక్క మమకారమును బయటఁబెట్టెను. ఇచ్చటఁ బిల్లి శిష్యుల యభిమానమును గరఁగించెను. జంతు వొక్కటే, బోధయును సన్నిహితమే.

సైప్రసుద్వీపపు మార్జాలమఠము

కొన్నియెడలఁ బిల్లి పునీతునిఁ గాక స్థలము నాశ్రయించెను. సైప్రసుద్వీపమున లిమసోలు పట్టణమునకు సమీపమున, అక్రోతిరి ద్వీపకల్పమునఁ బిల్లుల పునీత నికొలాసు మఠము కలదు. అచ్చటి యగ్రమునకు గాటా యని పేరు. అనఁగాఁ బిల్లి యగ్రము. కాన్‌స్టంటైను చక్రవర్తి కాలమున, 4వ శతాబ్దమున, వానలులేక ద్వీపము పాడువడి పాములమయ మయ్యెననియు, చక్రవర్తి తల్లియగు హెలెనా యీదుఃస్థితిని గాంచెననియు, కలోకెరుఁడను నధికారి యోడలతోఁ బిల్లులను దెప్పించి విడిచెననియు స్థలపురాణము.

15వ శతాబ్దమున నీద్వీపమునకు వచ్చిన యాత్రికు లీపిల్లుల వృత్తాంతమును వ్రాసిరి. పగలెల్లఁ బాములతోఁ బోరాడుటచేత నొకదానికి ముక్కులేదు, ఒకదానికి జెవిలేదు, ఒకటి గ్రుడ్డి, ఒకటి కుంటి. భోజనవేళకు మఠపు గంట మ్రోఁగఁగానే యన్నియును వచ్చి తిని, మరల గంట మ్రోఁగఁగానే యుద్ధమునకుఁ బోవును అని వారి వర్ణన. 1570–71లోఁ దురుష్కులు ద్వీపమును జయించిన పిదప మఠము క్షీణించెను. 1983లో సన్యాసినులు వచ్చి మరల నివసించిరి. పిల్లులును మరలఁ జేరినవి. గ్రీకు మహాకవి సెఫెరిస్ 1969లో నీపిల్లులనుగూర్చి యొక కావ్యము వ్రాసెను.

స్థలపురాణము నిజమా? ద్వీపమునకుఁ బిల్లులను హెలెనాకాలమునఁ దెచ్చిరనుట పొసఁగదు. లిమసోలునకు సమీపముననే షిల్లూరొకాంబోసు అను ప్రాచీనగ్రామపు త్రవ్వకములలో సుమారు 9500 ఏండ్లనాఁటి సమాధియొకటి బయల్పడెను. అందు మనుష్యుని కళేబరమునకు 40 సెంటీమీటర్ల దూరమున నొక పిల్లి కళేబరము బుద్ధిపూర్వకముగాఁ బూడ్చిపెట్టఁబడి యుండెను. ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు దీనిని 2004లోఁ బ్రకటించిరి. పిల్లి యీద్వీపమునకు సహజమైన జంతువుకాదు. కావున నా పురాతనకాలముననే దాని నోడలపైఁ దెచ్చినవాఁడు మనుష్యుఁడే. స్థలపురాణము కాలమును దప్పినది, విషయమును దప్పలేదు. పిల్లులు సముద్రముమీఁద నోడలలో మనుష్యునితో వచ్చినవనుట సత్యమే. పుక్కిటిపురాణములను బూర్తిగాఁ ద్రోసివేయఁగూడ దనుట కింతకన్న నిదర్శనము వలదు.

పేరుపోలికవలనఁ బుట్టిన పిల్లి

సిసిలీద్వీపమున 3వ శతాబ్దమునఁ బ్రాణము లర్పించిన యగాతయను కన్యకయొక్క కథకుఁ బిల్లితో నేసంబంధమును లేదు. ఆమెపేరు గ్రీకుభాషలో మంచిదియను నర్థము గలది. దక్షిణ ఫ్రాన్సుదేశపు మాండలికమున నీపేరు పిల్లిని దెలుపు గాతో యను మాటతోఁ గలసిపోయి శాంతో గాతో, అనఁగాఁ బునీత మార్జాలము, అయ్యెను. తన పండుగదినమగు ఫిబ్రవరి 5వ తేదీనఁ బనిచేయు స్త్రీలను దండించుట కామె కోపించిన పిల్లిరూపమున వచ్చునని జనులు చెప్పుకొనిరి. మాట మాఱఁగా మూర్తి మాఱెను. ఊరిపేరులోని యక్షరము మాఱఁగా దానికిఁ దగిన కథను గల్పించుకొనుట మన గ్రామములలోను గలదు గదా!

మార్టిను ద పోరెస్

చివరకు మిక్కిలి యర్థవంతమైన చిత్రమును జూతము. పెరూదేశపు లీమానగరమున 1579లో మార్టిను జన్మించెను. తండ్రి స్పెయినుదేశపు కులీనుఁడు. తల్లి దాస్యవిముక్తి పొందిన నీగ్రోజాతి స్త్రీ. జ్ఞానస్నానపు పట్టికలోఁ దండ్రిపేరు వ్రాయఁబడలేదు. బాలుఁడు క్షురకవృత్తిని, దానితోఁబాటు నాఁటి శస్త్రవైద్యమును నేర్చి డొమినికను మఠమును జేరెను. ఆఫ్రికావారి సంతతిని మఠమున సంపూర్ణసభ్యులుగాఁ జేర్చుకొనరాదను నిబంధన యుండుటచేత సేవకుఁడుగానే ప్రవేశించి చీపురు పట్టెను. 1603లోఁ గాని సహోదరుఁడుగా వ్రతము పట్టలేదు. రోగులకును దరిద్రులకును బరిచర్య చేసి 1639లో నవంబరు 3వ తేదీన మరణించెను.

మఠపు వస్త్రములను గొఱుకుచున్న యెలుకలకు విషము పెట్టఁ దలఁచినపుడు, మార్టిను వానిని జంపనీయక, తోఁటలోనికిఁ బొండు, మీకు నేను నాహారము తెచ్చెదనని యొడంబడిక చేసికొనెనని చెప్పుదురు. ఆయన పెట్టిన యొక్కపళ్లెమునందే కుక్కయు, పిల్లియు, ఎలుకయు గలసి తినుట చూచితిమని యెఱిఁగినవారు సాక్ష్యమిచ్చిరి. ఆ సాక్ష్యములు మరణించిన యిరువదియేండ్లకు, 1660 ప్రాంతమున, సేకరింపఁబడినవి. 1837లో ధన్యుఁడుగాను 1962లోఁ బునీతుఁడుగాను నాయన ప్రకటింపఁబడెను. పటములలో నాయనచేతఁ జీపురును, పాదములయొద్ద నా మూఁడుజంతువులును నుండును.

ఋష్యాశ్రమమున జాతివైరములు మాని మృగములు కలసి మెలఁగుట మన కావ్యములలోఁ బరిచితమైన వర్ణన. అహింస స్థిరపడినవాని సన్నిధిని వైరము తొలఁగునని యోగశాస్త్రమును జెప్పినది. లీమాపళ్లెమును మన మావర్ణనకుఁ జేరువగాఁ జదువవచ్చును. కాని యందు మఱొక యంశము కలదు. పుట్టుకనుబట్టి మనుష్యులను దరగతులుగా విభజించిన నగరమున, తానే తక్కువజాతివాఁడుగా లెక్కింపఁబడిన మనుష్యుఁడు, పుట్టుకతోనే శత్రువులగు మూఁటికి నొక్కపళ్లెమును బెట్టెను. చూచినవారు దానిని మఱవలేకపోయిరి. ఇచ్చటఁ బిల్లి యెలుకకు బదులుగా రాలేదు. ఎలుకతోఁ గలసి వచ్చినది.

ఫలితార్థము

పైవిచారణవలన నైదు మార్గములు తేలుచున్నవి. ఫిలిప్పు నేరి, మార్టినులవిషయమునఁ బిల్లి జీవితవృత్తాంతములోనిదే. గ్రెగరివిషయమున గ్రంథములోనిదే కాని పరునిది. జూలియన, గెర్ట్రూడుల విషయమున నాధునికుల యూహవలన వచ్చినది. అగాతవిషయమున మాటపోలికవలనఁ బుట్టినది. సైప్రసుకథలో స్థలమునకుఁ జెందిన సత్యమునకుఁ బునీతునిపేరు గూడెను.

అన్నింటిలోను లోఁతైనవి గ్రెగరికథలోని యొడియు, మార్టినుని పళ్లెమును. ఒకటి ప్రేమలోని మమకారమును బరీక్షించును. ఒకటి ప్రేమకు హద్దులేదని చూపును. గెర్ట్రూడుచేతఁ బిల్లిని నిలుపఁగోరువా రా పిల్లిని నిలుపుకొందురుగాక. దండమువెంటఁ బ్రాకు నెలుకలను మాత్రము తుడిచివేయకుందురుగాక. మార్టినుని పళ్లెమున రెంటికిని జోటు దొరకినది కావున గెర్ట్రూడు పటమునను దొరకకపోదు. అట్లు చిత్రించిననాఁడు, చనిపోయిన తమవారిని మొదటిరాత్రికి నామెకు నప్పగించిన యాపాతజనులును, నేఁటి పిల్లులను బ్రేమించువారును నొక్కపటముముందు నిలువఁగలుగుదురు.